వచ్చిన ఆలోచన, చేసిన ఆలోచన

"నాకు జ్వరం వచ్చింది" అంటాం. "నాకో ఆలోచన వచ్చింది" అనీ అంటాం. రెండింట్లోనూ 'నేను' కర్తను కాను. "ఆలోచించాను" అన్నప్పుడే అవుతాను. వ్యాకరణం ఇంత తేలిగ్గా విడదీసినదాన్ని మన నీతి మళ్లీ కలిపేస్తుంది. మనసు, మాట, చేత ఒక్కటిగా ఉండాలంటూ త్రికరణశుద్ధి గురించి వింటూ పెరిగాం. మంచి ఆదర్శమే. ఓసీడీ ఉన్నవాడి చేతికి చిక్కితే మాత్రం అదే కొరడా.

నాకు ఓసీడీ ఉంది. పాపకు నాలుగు నెలలప్పుడు, ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్తే 'పడేస్తే?' అని మెదిలేది. తరిగొప్పుల వెళ్తే మా బావి దగ్గరా అదే. ఆఫీసు పనుందని చెప్పి లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకున్నారు, అనుకోనిచ్చాను. చంపాలనుకునే తండ్రి అనిపించుకోవడం కన్నా బద్ధకస్తుడు అనిపించుకోవడం నయం కదా.

కొందరికి గుడిలో వస్తుంది. దేవుడి ముందు నిలబడగానే బూతు. మామూలు మనిషి లెంపలేసుకుని ప్రసాదం తీసుకుంటాడు. ఓసీడీ మనిషి తొమ్మిదిసార్లు వేసుకుంటాడు, లెక్క తప్పితే మళ్లీ మొదటినుంచి. మా భాషలో చెప్పాలంటే, ఆగే షరతు రాయని లూప్.

1978లో రాక్‌మన్, డిసిల్వా అనే పరిశోధకులు ఏ జబ్బూ లేనివాళ్లను అడిగి చూశారు. ఎక్కువమందికి ఇలాంటివి వస్తూనే ఉన్నాయి. వాళ్లు తోసేసి పనిలో పడతారు, అంతే. వచ్చిన ఆలోచన కన్నా, 'దీనికి నేనే బాధ్యుణ్ణి' అని దానికి చెప్పుకునే అర్థమే మనిషిని పట్టుకుంటుందని 1985లో పాల్ సాల్కోవ్‌స్కిస్ వాదించాడు. తోసెయ్యాలని పంతం పడితే ఇంకా వస్తుంది. కోతిని తలుచుకోకుండా మందు తాగమన్న వైద్యుడి కథ మనకు తెలిసిందే. 1987లో డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటిని పెట్టి ప్రయోగశాలలో అదే చూపించాడు.

అందుకే త్రికరణాల్లో 'మనసు' అంటే సంకల్పం అనే నేను చదువుకుంటాను. దారిన పోయే ప్రతి ఊహకూ అక్కడ హాజరు వెయ్యక్కర్లేదు.

కష్టమైన ప్రశ్న వేరే ఉంది. "నువ్వట్లా చెయ్యవులే" అని మా ఆవిడ రోజుకు పదిసార్లు చెప్పేది. అది ప్రేమే. కానీ విన్న ఐదు నిమిషాలకే మళ్లీ అడగాలనిపించేది. లెంపలేసుకోవడానికీ దీనికీ తేడా లేదని, ఆ మాట మెల్లగా మానెయ్యమని థెరపిస్ట్ చెప్పారు. పాపను నేనే ఎత్తుకోవాలి, భయం దానంతటదే తగ్గేదాకా ఉండాలి. నూటికి నూరు గ్యారంటీ ఏ తండ్రి దగ్గరా ఉండదు, మిగతావాళ్లు అడగరంతే. ఎదురుగా మనిషి వణుకుతుంటే ఓదార్చకుండా ఉండటం ధర్మమేనా? ఆ సంగతి నాకన్నా ఎక్కువ ఆమెనే నలిపింది.

ఇప్పుడు అడిగితే "ఏమో, నాకేం తెలుసు" అంటుంది. అని, చాలాసేపు నా పక్కనే కూర్చుంటుంది.