పూలు ఎవరి మాట చెప్పాయి?

పూలతో మాట్లాడుకునే ప్రేమ మహా సున్నితమైనదని కవులంటారు. నాకొక సందేహం. నోరున్న మనిషి తన మాట పువ్వు చేత ఎందుకు చెప్పించాలి?

బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ మాంటేగూ 1718లో కాన్‌స్టాంటినోపుల్ నుంచి రాసిన జాబులో ఒక తురుష్క ప్రేమలేఖను వర్ణించింది. అందులో అక్షరాల్లేవు. ముత్యం, లవంగం, బొగ్గు, గులాబీ వంటి వస్తువులున్నాయి. ఒక్కొక్క వస్తువు పేరుతో ప్రాస కలిసే పాదమే సందేశం. అంటే అర్థం పువ్వులో లేదు, ఆ జనం మాటల్లో వుంది.

యూరపు యీ సంగతి పట్టించుకోలేదు. 1819లో పారిస్‌లో షార్లెట్ ద లాతూర్ అనే మారుపేరుతో వెలువడిన పుస్తకం అర్థాలను పువ్వులకే అంటగట్టింది. ఇంగ్లండులోనూ అటువంటివి ఎన్నో వచ్చాయి. వయొలెట్ అంటే వినయం, పసుపు గులాబీ అంటే అసూయ. పుస్తకం మారితే అర్థమూ మారేది. (మన పారిజాతాపహరణంలో నిఘంటువు అక్కర లేకపోయింది. పువ్వు రుక్మిణికి దక్కిందన్న వార్తే సత్యభామకు చాలింది!)

నిజానికి ప్రేమికులు యీ పుస్తకాలు చూసి సందేశాలు పంపుకున్నారనటానికి సాక్ష్యం దాదాపు లేదని 1995లో బెవర్లీ సీటన్ తన పరిశోధనలో తేల్చింది. అయినా అవి అమ్ముడుపోయాయి. స్త్రీ తన కోరికను నోటితో చెప్పటం తప్పయిన ఇళ్ళలో, చెప్పినట్టు వూహించుకోవటం కూడా కొంత వూరటే. దాన్ని నేను ఎగతాళి చెయ్యను.

నేను ప్రశ్నించేది మగవాడి సౌకర్యాన్ని. పెళ్ళాడతానని మాట యిచ్చి తప్పినవాడి మీద దావా వెయ్యటానికి ఇంగ్లీషు న్యాయంలో వీలుండేది. 1970 నాటి చట్టం దాన్ని రద్దు చేసింది. అటువంటి దావాల్లో ప్రేమలేఖలను కోర్టులో చదివేవారు. గులాబీని ఎలా చదువుతారు? "నేననలేదు" అంటే సరిపోయే భాష అది. కాదనే వీలు అట్టేపెట్టుకుని చెప్పిన మాటను వాగ్దానం అనవచ్చునా? అనకూడదనే నా అభిప్రాయం. నష్టం యిద్దరికీ సమానమైతే ఆట అనుకోవచ్చు. కాని ఆ సమాజంలో పరువు పోయేది ఆమెకే. ఒకే పువ్వు ఆమెకు కవచం, అతడికి దొడ్డిదారి.

యిక ఆ పూలు అమ్మినవాళ్ళు. లండన్ పేదల బతుకులను గురించి హెన్రీ మేహ్యూ 1851లో ప్రచురించిన గ్రంథంలో ఇద్దరు అనాథ అక్కచెల్లెళ్ళున్నారు. పెద్దదానికి 15 ఏళ్ళు, చిన్నదానికి 11. పెద్దమనుషులే తమకు మంచి బేరమనీ, వాళ్ళు ఆ పూలు దొరసానుల కివ్వటానికి కొంటారని విన్నాననీ అక్క చెప్పింది. ఏ పువ్వుకే అర్థమో ఆమె చెప్పలేదు. మంచి వాసన వున్నవే బాగా అమ్ముడుపోతాయని చెప్పింది.