వీరేశలింగం పంతులుగారి ఇంటిలో



మొన్న మా సంఘమువారము కొందరము రాజమహేంద్రవరము వెళ్ళి కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లు చూచితిమి. 1848లో ఆయన పుట్టిన ఊరది. ఆయన నివసించిన ఇంటిని ప్రభుత్వమువారు స్మారకముగా కాపాడుచున్నారు. చెప్పులు విడిచి లోనికి పోతిమి. విడువుమని ఎవరును చెప్పలేదు. పాత ఇండ్లయెడల మనకు ఆ భక్తి సులువుగానే వచ్చును.

1881 డిసెంబరు 11న ఆయన జరిపించిన మొదటి వితంతు వివాహము ఈ ఊరిలోనిదే. చట్టము అప్పటికి కొత్తది కాదు. 1856లోనే అట్టి పెండ్లికి అనుమతి దొరికెను. ఇరువది అయిదేండ్లు మన ప్రాంతమున అది చాలమట్టుకు కాగితముమీదనే ఉండెను. కాగితమునకు చుట్టాలుండరు, వెలివేయు పొరుగువారుండరు, మనుష్యులకు ఉందురు. ఆ పెండ్లికి వచ్చినవారిని వెలివేసిరి. తోడుందుమన్నవారు కొందరు జారిపోయిరి, కొందరు ప్రాయశ్చిత్తము చేసికొనిరి. వంటవారును నీళ్లు మోయువారును రాకపోగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నీళ్లు మోసి తెచ్చి వండిపెట్టిరి.

ఆ దినమున మనముండినయెడల ఎవరి ప్రక్క నిలిచియుందుము? పంతులుగారి ప్రక్కనే అని అందరము ఒక్కమారుగా అంటిమి. అంతలో మత్తయి 23వ అధ్యాయములో, ప్రవక్తల సమాధులను అలంకరించువారితో ప్రభువు పలికిన మాటలు జ్ఞాపకమునకు వచ్చి మా నోళ్లు మూతపడెను. జారిపోయినవారందరు దుర్మార్గులు కారు. పెండ్లి కావలసిన కూతుళ్లు గలవారై యుందురు, మనవలెనే.

మా గుంపులో విధవరాలైన ఒక తల్లి ఉండెను. ఆమె మిగిలినవేవియు అంతగా చూడలేదు. "ఆయమ్మ నీళ్లు ఎంత దూరం మోసిందయ్యగారూ?" అని మాత్రము అడిగెను. గోదావరినుండి అని చెప్పి ఊరకుంటిమి.

పోయిన వేసవిలో ఆమె చెల్లెలి కూతురికి నలుగు పెట్టుచుండగా ఆమెను వెనుకకు జరుగుమన్నది ఎవరో కాదు, మన సంఘపు స్త్రీలే. మేము చూచుచునే యుంటిమి. ఆడవారి సంగతులలో మనకేల అని అరుగుమీద కూర్చుంటిమి. ఆమెను వెలివేసినవారు లేరు, నిజమే. రెండడుగులు వెనుకకు జరుగుమనిరి, అంతే. ఆమె జరిగెను.

వచ్చే నెలలో మా ఊరిలో మరియొక పెండ్లి ఉన్నది. నలుగు పెట్టుటకు మొదట ఎవరిని పిలువవలెనను మాట వచ్చినప్పుడు మేము ఆమె పేరు చెప్పితిమి. ఇంకను ఎవరును జవాబియ్యలేదు.