బరువు ఎవరి భుజముమీద?

(చదువవలసిన భాగములు: 2 రాజులు 5:15–19, మత్తయి 23:1–4, అపొ. కార్యములు 15:1–33)



నవంబరు నెలలో వికారాబాదునుండి తాండూరు వైపు రైలులో పోవువారు ధారూరులో మూటలతో, వంట పాత్రలతో, చంకబిడ్డలతో దిగు జనమును చూచియుందురు. వారు పోవునది క్రైస్తవ జాతరకు. 1920లలో మెథడిస్టు సంఘమువారు దీనిని ఆరంభించిరి. మహాసభయనియు, కన్వెన్షన్ అనియు దీనికి పేరు పెట్టవచ్చును గాని జనుల నోట నిలిచినది జాతర అను మాటయే. అనంతగిరిమీద కార్తీకమున పద్మనాభస్వామికి జాతర. తాండూరులో భద్రేశ్వరునికి జాతర. మన తాతలు ఇట్టి జాతరలకు బండ్లు కట్టినవారే. బండి కట్టుట, గుడారము వేసికొనుట, చెట్టుక్రింద వండుకొనుట, దూరపు చుట్టములను కలిసికొనుట క్రైస్తవులైనంత మాత్రమున మానవలసిన పని లేకపోయెను. బలియు త్రాగుడును పోయెను, తక్కినది ప్రభువు నామమున మిగిలెను.

దీనిని జ్ఞానముగల నాయకత్వమని నేను ఒప్పుకొందును. అయితే ఇది సులువైన సంగతి. జాతర విషయములో సంఘము ఎవరి పొట్టమీదను కొట్టలేదు. కష్టమైన సంగతి డప్పు.

మన పల్లె సంఘములలో మాదిగవాడనుండి వచ్చిన కుటుంబములు అనేకములు గలవు. పోచమ్మకు, మైసమ్మకు పండుగ చేసినను, ఊరిలో చావు జరిగినను, చాటింపు వేయవలసినను డప్పు కొట్టుట వారి వంతు. అందుకు కళ్లమువద్ద వారికి ధాన్యము కొలిచెడివారు. ఆ గింజలతో ఇల్లు గడిచెడిది. బాప్తిస్మము పొందినవాడు దేవత యెదుట డప్పు కొట్టరాదని సంఘము చెప్పెను. ఆ మాట తప్పని నేననను. విగ్రహారాధనకు దూరముగా పారిపోవలెనని పౌలు కొరింథీయులకు వ్రాసెను గదా. కాని ఆ మాట చెప్పినవాడెవడు? నెల నెల మిషను జీతము పుచ్చుకొను బోధకుడు. ఆయన పై దొరగారికి సముద్రము ఆవలినుండి డబ్బు వచ్చెడిది. డప్పు మానినవానికి కళ్లములో గింజ రాలలేదు, పటేలుకు కోపము వచ్చెను, ఊరిలో నీడ పోయెను. మానుమను మాట ఒకని నోటనుండి వచ్చెను, దాని వెల మరియొకని పొయ్యిమీద పడెను.

ఆ మీదట కాలము మారెను. తెలంగాణ ఉద్యమ సభలలో డప్పు మ్రోగని సభ లేదనవచ్చును. 2014 జూన్ 2న రాష్ట్రము ఏర్పడువేళకు అది అవమానపు గుర్తుగా గాక గౌరవపు గుర్తుగా ఎంచబడెను. ఇప్పుడు కొన్ని ఆరాధనలలో మన యువకులు దానితోనే కీర్తనలు పాడుచున్నారు. మంచిదే. 150వ కీర్తన వాద్యములకు కులము పెట్టలేదు. అయితే సంఘము మాట విని డప్పును దూలానికి వ్రేలాడదీసి, ఆ ఏడు పస్తులున్న వృద్ధులకు మనమేమి చెప్పుదుము? వారు విడిచినది దేవతను గాని తోలును గాదని ఆనాడే ఎవరైన కూర్చుండి వారితో విడమరచి మాటలాడియుండిన ఎంత బాగుండెడిది!

నయమాను సంగతి చూడుడు. కుష్ఠు పోయి, యెహోవాను ఎరిగి, ఇంటికి పోవుచు అతడొక సంగతి దాచలేదు. తన యజమానుడు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కునప్పుడు తానును వంగవలసి వచ్చునని చెప్పి, క్షమాపణ కోరెను. ఎలీషా అది సరియని చెప్పలేదు, కాదనియు చెప్పలేదు. అతనిని సమాధానముతో పంపివేసెను. అది మెతకదనమని అనువారు గలరు. మరి షద్రకు, మేషాకు, అబేద్నెగో? వాద్యధ్వని వినబడినప్పుడు వారు వంగలేదు. నిజమే. కాని వారిని అగ్నిలోనికి పొమ్మని చల్లని నీడలో కూర్చుండి ఏ ప్రవక్తయు ఆజ్ఞాపించలేదు. ఆ బరువును వారే ఎత్తుకొనిరి.

ఇది పాత కథ కాదు. ఈనాటి డప్పు తహశీలుదారు కచేరిలో ఇచ్చు కాగితము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులపు హక్కు మొదట హిందువులకు ఉండెను. 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి. క్రైస్తవులు చేర్చబడలేదు. మన రాష్ట్రములో అట్టివారిని బి.సి. 'సి' గ్రూపులో ఉంచి ఒక్క శాతము ఇచ్చిరి. గుడి మారినంతమాత్రాన వాడ మారలేదు, బావివద్ద చూపు మారలేదు. అయినను కాగితము మారవలెనట! కనుక సంఘ పుస్తకములో బాప్తిస్మము పొందిన పిల్లవాడు కచేరి కాగితములో హిందువుగా ఉన్నాడు. ఇట్టి ఇండ్లు మనకు తెలియనివి కావు.

ఆదివారమున ప్రసంగ వేదికనుండి, అబద్ధపు కాగితములవారు ప్రభువును బొంకుచున్నారని గద్దించుట సులభము. అబద్ధము అబద్ధమే, దానికి నేను వేరొక పేరు పెట్టను. అయితే ఆ మాట పలుకు కాపరియు, తల ఊపు సంఘ పెద్దలును తమ పిల్లల కాగితములను ముందు బల్లమీద పెట్టవలెను. ఆ పిల్లవాడు నిజము వ్రాయించుకొని సీటు పోగొట్టుకొనినయెడల వాని చదువునకు సంఘపు పెట్టెలోనుండి ఏమి తీయుదురో అదే సభలో చెప్పవలెను. అన్యాయమైన భేదమును గూర్చి అధికారుల యెదుట సంఘమే నోరు తెరువవలెను గాని, పదియవ తరగతి పిల్లవానిని ఒంటరిగా నిలువబెట్టరాదు. పౌలు మాంసము విషయములో బలహీనుని కొరకు తానే ఎన్నటికిని తిననని చెప్పెను. తనకు రావలసిన జీతపు హక్కును వదలుకొని చేతులతో పని చేసెను. అట్టివాడు ఇతరులతో కూడ మానుడని చెప్పగా వినువారికి అది భారమనిపించలేదు.

1981 జనవరి 7న మన మెథడిస్టు సంఘము స్వతంత్ర భారత సంఘమాయెను. అప్పటినుండి ఈ బరువులు దొరలు కట్టినవని చెప్పుకొనుటకు వీలు లేదు. కట్టువారు మనవారే, మోయువారును మనవారే.

యెరూషలేము సభలో ఇట్టి ప్రశ్నయే వచ్చెను. అన్యజనులలోనుండి వచ్చినవారిమీద ఎంత కాడి మోపవలెను? పేతురు లేచి, తన పితరులును తానును మోయలేని కాడిని వారి మెడమీద ఎట్లు పెట్టుదుమని అడిగెను. కొర్నేలీ ఇంటి గడప దాటినవాడు గనుక ఆ మాట అనగలిగెను. బర్నబాయు పౌలును తాము అక్కడ కన్నది చెప్పుచుండగా సభ యావత్తు ఊరకుండి వినెను. మన సభలలో ఈ ఊరకుండుట కొంచెము తక్కువ! చివరకు అవసరమైన కొద్ది సంగతులు మాత్రమే వ్రాసిరి. ఆ పత్రిక చదివి అంతియొకయవారు సంతోషించిరట.

తీర్మానములు ఇప్పుడు మన పల్లెలకు ఫోనులోనే చేరుచున్నవి. ఆ పత్రికతో మాత్రము యూదాయు సీలయు స్వయముగా పోయి, నోటిమాటతోను అవే సంగతులు తెలిపి, కొంతకాలము అక్కడివారి మధ్యనే ఉండిరి.