అట్టబల్లయు అయ్యగారి కుర్చీయు



ఒకరు పారవేసిన వస్తువును బాగుచేసి బీదవానికిచ్చుట ప్రేమయా, అవమానమా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో ఎదురుపడలేదు. మా ఆదివారపు బడిలో ఎదురుపడినది.

మా పిల్లలు నేలమీద కూర్చుండి, పుస్తకము ఒడిలో పెట్టుకొని, నడుము వంచి వ్రాయుదురు. 2014 ప్రాంతమున ముంబయిలోని ఆరంభ్ అను సేవాసంఘమువారు పాత అట్టపెట్టెలను కోసి, మడిచి, బడిపిల్లలకు వ్రాతబల్లలు చేసిరి. ఆ బల్లయే పుస్తకముల సంచిగా కూడ పనికివచ్చును. ఇది తెలిసి మేమును పచారీ కొట్టునుండి పెట్టెలు తెచ్చితిమి.

అట్టను చీల్చి చూడుడి. రెండు చదునైన కాగితముల నడుమ అలలవలె మడతలు పడిన కాగితము కనబడును. బలమంతయు ఆ అలలలోనే యున్నది. అవి నిలువుగా నుండునట్లు కాళ్లు కోసినయెడల బరువు మోయును. అడ్డముగా కోసినయెడల నలిగిపోవును. మేము మొదట అడ్డముగనే కోసితిమి! పిమ్మట మైదా జిగురులో పురుగు పట్టకుండ చిటికెడు మైలుతుత్తము కలిపి (అది విషము గనుక పెద్దలే కలుపవలెను), పొరమీద పొర అంటించి, పైన రాళ్లు పెట్టి, రెండు దినములు ఆరనిచ్చితిమి. అట్టకు నీరు శత్రువు. మా యూరిలో చెదలు అంతకంటె పెద్ద శత్రువు. అందుచేత ప్రతి కాలిక్రింద ఒక పెంకుముక్క ఉంచితిమి.

బల్లలు చూచి అందరు సంతోషించిరి. ఒక ముసలితల్లి మాత్రము, "అయ్యగారూ, కొట్టువాడు పారేసిన పెట్టెలు మా పిల్లలకా? మరి మీ కుర్చీ టేకుది గదా!" అనెను.

నాకు కోపము వచ్చినదని ఒప్పుకొనుచున్నాను. యోహాను 6వ అధ్యాయము నా నోటికి వచ్చెను. జనులు తృప్తిగా తినిన తరువాత ప్రభువు మిగిలిన ముక్కలను ఏరించెను గదా! కాని ఆ రాత్రి ఆమోసు 8వ అధ్యాయము నన్ను నిద్రపోనియ్యలేదు. అక్కడ ప్రవక్త బీదలకు గోధుమల తాలు అమ్ము వర్తకులను గద్దించుచున్నాడు. ముక్కలును మిగిలినవే, తాలును మిగిలినదే. మరి భేదమెక్కడ? పంచువారికొక రొట్టె, పచ్చికమీద కూర్చున్నవారికొక రొట్టె అని గలిలయలో లేదు. తాలు అమ్మువాడు మాత్రము ఆ తాలును తన యింట వండుకొనడు.

అట్ట హీనమైన వస్తువు కాదని చెప్పుటకు నాయొద్ద సాక్ష్యములు లేకపోలేదు. అమెరికాలో ఫ్రాంక్ గెహ్రీ అను భవనశిల్పి చౌకగా అమ్మవలెనని ఇట్టి అట్టనే పొరలుగా అంటించి కుర్చీలు చేసెను. వాటిలో 1972 నాటి కుర్చీని నేడు కలిగినవారు పెద్ద వెలయిచ్చి కొనుచున్నారు. న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్ పట్టణమున 2011 భూకంపములో పెద్ద దేవాలయము మిక్కిలి దెబ్బతినగా, జపాను దేశస్థుడైన షిగెరు బాన్ కూలి పుచ్చుకొనక ఒక ఆలయమునకు నమూనా గీసియిచ్చెను. దళసరి అట్టగొట్టములు వాడి కట్టిన ఆ ఆలయము 2013లో తెరువబడెను. అందులో 700 మంది కూర్చుందురు. ఇవన్నియు చెప్పి ఆ తల్లి నోరు మూయించవచ్చును. అయితే ఆమె అట్టను గూర్చి అడుగలేదు; నా కుర్చీని గూర్చి అడిగెను.

మరుసటి వారము ఒక అట్టబల్లను నా గదిలో వేసికొని, చాపమీద కూర్చుండి, దానిమీదనే ప్రసంగము వ్రాసికొంటిని. టేకు కుర్చీ సంఘమువారి కానుక. దానిని బయట పెట్టలేదు, వచ్చినవారికి వేయుచున్నాను. మొదటి దినమే టీ ఒలికి బల్ల మూల మెత్తబడెను. ఆ తల్లి మనుమడు వచ్చి, తడిసిన మేరకు కోసి, క్రొత్త అట్ట అతికించెను.

వాని వెంట ఆమెయు వచ్చెను. నేను కుర్చీ వేసితిని గాని కూర్చుండలేదు. బల్లను చేతితో నొక్కి చూచి, "మా వాడికి ఇంకొక జానెడు ఎత్తుండాలి అయ్యగారూ" అని చెప్పి వెళ్లెను.