తెర మీది పుస్తకం కూడా అమానతే





జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ముస్లిం ఇళ్ళలో తరచు కనిపించే దృశ్యం ఒకటుంది. అలమరా పై అరలో గుడ్డ చుట్టి భద్రంగా పెట్టిన దివ్యఖుర్ఆన్, దాని పక్కన దాదాగారు ఎప్పుడో కొన్న నాలుగైదు ఉర్దూ పుస్తకాలు. దాదా అల్లాహ్ సన్నిధికి వెళ్ళిపోయారు. అబ్బా ఉర్దూ కూడబలుక్కుని చదువుతారు. పిల్లలు తెలుగు మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదువుకున్నారు కాబట్టి ఆ పుస్తకాలు వారికి కేవలం వస్తువులుగా మిగిలిపోయాయి. ధర్మవిద్య ఇంట్లోనే ఉంది, దాన్ని తెరిచే భాష మాత్రం పిల్లల దగ్గర లేదు.

అలా ఏర్పడిన ఖాళీ ఖాళీగా ఉండదు. అదే ఇంట్లో ప్రతి ఒక్కరి చేతిలో సెల్‌ఫోన్ ఉంది. అందులోకి 'హదీసు' అన్న పేరుతో ఏదో ఒక సందేశం వస్తుంది. ఏ గ్రంథంలో ఉందో, ఎవరు ఉల్లేఖించారో అందులో ఉండదు. 'పదిమందికి పంపితే శుభవార్త వింటారు' అని మాత్రం ఉంటుంది. మనం చదివీ చదవకుండానే పంపేస్తాం. సదుద్దేశంతోనే పంపుతున్నాం కదా అని సరిపెట్టుకుంటాం. కాని తాను చెప్పని మాటను తనకు అంటగట్టేవారిని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఎంత తీవ్రంగా హెచ్చరించారో, విన్న ప్రతిదాన్నీ విచారించకుండా చెప్పేయడం కూడా మనిషిని అబద్ధాలకోరుగా చేస్తుందని ఎలా బోధించారో మనకు తెలియనిది కాదు.

ఈ వ్యాధికి మందు కూడా అదే ఫోనులో ఉంది. దాన్ని ఎక్కడ వెతకాలో, ఎలా వాడాలో ఈ నెల తెలుసుకుందాం.

తాటాకు మారింది, బాధ్యత మారలేదు

దైవవాణి తొలి అవతరణ 'చదువు' అన్న ఆజ్ఞతోనే మొదలైంది. దైవప్రవక్త (స) కాలంలో దివ్యవాక్కులను ఖర్జూరపు మట్టలపై, పలుచని రాళ్ళపై, తోళ్ళపై రాసుకునేవారు. యమామా యుద్ధంలో ఎంతోమంది హాఫిజులు షహీదులయ్యాక హజ్రత్ ఉమర్ (రజి) సలహా మీద హజ్రత్ అబూబకర్ (రజి) ఖుర్ఆన్‌ను ఒకచోట చేర్చే పని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కి అప్పగించారు. జైద్ (రజి) స్వయంగా హాఫిజ్, దైవప్రవక్త (స) లేఖకులలో ఒకరు. అయినా తన జ్ఞాపకం ఒక్కదానిమీదే ఆధారపడలేదు. రాతప్రతులను వెతికారు, కంఠస్థం చేసినవారిని అడిగారు, సాక్ష్యం తీసుకున్నారు.

మట్ట పోయి తోలు వచ్చింది, తోలు పోయి కాగితం వచ్చింది, ఇప్పుడు గాజు తెర వచ్చింది. అక్షరం కూర్చునే పీట మారిందంతే. 'ఇది ఎక్కడిది, ఎవరు చెప్పారు?' అని అడిగే బాధ్యత మాత్రం ఆనాటి నుంచి ఈనాటి దాకా మనపైనే ఉంది.

ఈ బాధ్యతను నిర్వర్తించిన సంస్థ ఒకటి మన హైదరాబాదులోనే ఉంది. 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి అచ్చువేసింది. హదీసు ఉల్లేఖకులలో ఎవరు నమ్మదగినవారు, ఎవరు కారు అని పరిశీలించే హాఫిజ్ ఇబ్నె హజర్ అస్ఖలానీ (రహ్మలై) మహాగ్రంథం 'తహ్జీబుత్ తహ్జీబ్' ఇక్కడే హిజ్రీ 1325-27 మధ్య 12 సంపుటాలుగా వెలువడింది. హదీసు చెప్పినవారిని తూకం వేసే గ్రంథాన్ని ప్రపంచానికి అందించిన నేల మీద ఉంటూ, ఎవరు రాశారో తెలియని సందేశాన్ని కళ్ళు మూసుకుని పంపడం మనకు తగునా?

ఎక్కడ దొరుకుతాయి?

తెలుగులో ఉచితంగా, బాహాటంగా, అనుమతితో దొరికే ధార్మిక పుస్తకాలు తక్కువేమీ కావు. మదీనాలోని కింగ్ ఫహద్ ఖుర్ఆన్ ముద్రణాలయం ప్రచురించిన మౌలానా అబ్దుర్రహీం బిన్ ముహమ్మద్ గారి తెలుగు అనువాదం ఖుర్ఆన్‌ఎన్‌క్ వెబ్‌సైటులో ఉంది. హదీసులకు హదీస్‌ఎన్‌క్ అనే వెబ్‌సైటు ఉంది. అక్కడ హదీసుతోపాటు దాని స్థాయి, మూలగ్రంథం, వివరణ కూడా ఇస్తారు. ఇస్లాంహౌస్ వెబ్‌సైటులోని తెలుగు విభాగంలో నమాజు, రోజా, జకాత్, విశ్వాసాలపై చిన్న పుస్తకాలు పీడీఎఫ్ రూపంలో దొరుకుతాయి.

దాదాగారి ఉర్దూ పుస్తకాల వంటివి కావాలంటే రేఖ్తా వెబ్‌సైటులో పాత ఉర్దూ గ్రంథాలు చదువుకోవచ్చు. వాటిని అక్కడే చదవాలి, దించుకునే వీలుండదు. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పాత అరబ్బీ, ఉర్దూ, తెలుగు గ్రంథాల స్కాన్‌లు విస్తారంగా ఉన్నాయి. కాని అక్కడ ఎవరైనా ఏదైనా పెట్టవచ్చు. కాబట్టి పుస్తకం తెరవగానే రచయిత, అనువాదకుడు, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం చూడాలి. ఈ నాలుగూ లేని పుస్తకాన్ని పక్కన పెట్టడమే మేలు. సందేహముంటే మీ మస్జిదు ఇమాం గారికో, ఆలిం గారికో చూపించండి.

ఉచితం వేరు, అపహరణ వేరు

కొందరు 'దీన్ పుస్తకమే కదా, కాపీ చేస్తే తప్పేముంది?' అంటారు. రచయిత కష్టం, ప్రచురణకర్త పెట్టుబడి దాసుల హక్కుల కిందికి వస్తాయి. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన ఫిఖ్హ్ అకాడమీ 1988లో కువైట్ సమావేశంలో గ్రంథకర్తల హక్కులకు షరీఅత్ రక్షణ ఉందని, వాటిని అతిక్రమించడం తగదని తీర్మానించింది. మన దేశంలోని 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ప్రచురణకర్తే ఉచితంగా ఇచ్చినదాన్ని సంతోషంగా తీసుకుందాం. అమ్మకానికి ఉన్న పుస్తకాన్ని దొంగచాటుగా స్కాన్ చేసి పంచితే తీసుకోవద్దు. నమాజు పద్ధతి నేర్పే పుస్తకాన్ని అపహరించి నేర్చుకోవడం ఎంత విడ్డూరం!

పరికరాన్ని ఉపయోగించే తీరు

పుస్తకాలు చదవడానికే తయారైన ఈ-రీడర్లలో ఈ-ఇంక్ తెర ఉంటుంది. అది కాగితంలా వెలుగును ప్రతిఫలిస్తుంది. పుట మారినప్పుడే ప్రధానంగా విద్యుత్తు వాడుతుంది కాబట్టి ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి వస్తుంది. అన్నింటికంటే మేలు, చదువుతుండగా సందేశాలు వచ్చి ధ్యాస చెదరగొట్టవు. అయితే దీనికోసం అప్పు చేయనక్కరలేదు. ఉన్న ఫోనునే, నెట్ ఆపి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకుంటే సగం ప్రయోజనం సిద్ధిస్తుంది. సింగరేణి షిఫ్టుకు వెళ్ళే భూపాలపల్లి సోదరుడైనా, రైల్లో కాజీపేటకు వెళ్ళే జనగామ, మహబూబాబాద్ విద్యార్థి అయినా ముందే దించుకున్న పుస్తకాన్ని దారిలో చదువుకోవచ్చు.

ఈ-పుస్తకాలు ముఖ్యంగా రెండు రకాలు. పీడీఎఫ్ అచ్చుపుట ఫొటో లాంటిది. చిన్న తెర మీద అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. పరికరాన్ని అడ్డంగా తిప్పండి, పుట చుట్టూ ఉన్న ఖాళీ అంచులను కత్తిరించే సౌకర్యం ఉంటే వాడండి. ఈపబ్ రకంలో అక్షరాల సైజు మనకు కావలసినంత పెంచుకోవచ్చు. చూపు మందగించిన పెద్దలకు ఇది పెద్ద వరం. కాకపోతే అన్ని పరికరాలూ తెలుగును సరిగా చూపవు. ముందు ఒక పుట తెరిచి ఒత్తులు, గుణింతాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

మన తెలుగు పుస్తకాలు చాలావరకు అనూ ఫాంట్లలో టైపు చేసినవి. క్యాలిబర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో అలాంటి పీడీఎఫ్‌ను ఈపబ్‌గా మార్చబోతే అక్షరాలన్నీ అర్థంలేని గుర్తులవుతాయి. వాటిని పీడీఎఫ్‌గానే చదవాలి. యూనికోడ్‌లో ఉన్న పుస్తకమైతే ఫోనే తెలుగు పాఠాన్ని చదివి వినిపిస్తుంది. చదువురాని దాదీకి, నానీకి ఇది ఎంతో ఉపయోగం.

ఇక్కడొక జాగ్రత్త. ఇలా మార్చిన పుస్తకాల్లో అరబ్బీ ఆయతుల జేర్, జబర్‌లు చెదిరిపోవచ్చు. ఒక్క గుర్తు మారినా అర్థం మారిపోతుంది. కనుక ఆయతులను ఎప్పుడూ ముస్‌హఫ్‌తో సరిచూసుకోండి. తిలావత్‌ను యంత్రం గొంతుతో కాక ఖారీల గొంతులోనే వినండి. తెర మీది ఖుర్ఆన్‌కు వుజూ తప్పనిసరా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. వుజూతో ఉండటమే మర్యాద.

ఒక నెల, ఒక పుస్తకం

సోదరులారా! ఐదువందల పుస్తకాలు దించుకుని ఒక్కటీ తెరవనివాడికీ, అలమరా పై అరలో పుస్తకాలకు దుమ్ము పట్టించినవాడికీ తేడా ఏముంది? ఈ నెల ఒక్క పుస్తకం ఎంచుకోండి. ఇషా నమాజు తర్వాత పదిహేను నిమిషాలు ఇంటిల్లిపాదీ కూర్చోండి. అమ్మాయి తెలుగులో చదవాలి, పెద్దలు వినాలి. అబ్బా ఆ విషయాన్నే ఉర్దూ పుస్తకంలో వెతికి చూపాలి. అప్పుడు దాదాగారి పుస్తకాలు కూడా మళ్ళీ మాట్లాడతాయి. అర్థంకానిది కాగితం మీద రాసుకుని జుమా నాడు ఇమాం గారిని అడగండి. తెర పుస్తకాన్ని ఇస్తుంది గాని గురువును ఇవ్వదు.

మనిషి చనిపోయాక కూడా పుణ్యం ఆగని మూడు విషయాలలో ప్రయోజనకరమైన విద్య ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. సరిచూసిన ఒక మంచి పుస్తకాన్ని మనం పంపితే, దాన్ని చదివి ఒక్కరు నమాజు సరిదిద్దుకున్నా ఆ పుణ్యం మన సమాధి దాకా వస్తుంది. సరిచూడకుండా పంపిన ఒక అబద్ధం కూడా అలాగే మన వెంట వస్తుంది. బొటనవేలితో నొక్కేది ఒకే మీట, పరలోకంలో అది ఏ పళ్ళెంలో పడుతుందో నొక్కే ముందే ఆలోచించుకుందాం.

అల్లాహ్ మనకు, మన సంతానానికి ప్రయోజనకరమైన విద్యను, దాని ప్రకారం నడుచుకునే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.