మన్నా నేర్పిన మితము

ధ్యాన భాగము: నిర్గమకాండము 16:13–21



అరణ్యములో దేవుడు ఇశ్రాయేలీయులకు మన్నా ననుగ్రహించినప్పుడు దానికొక కొలతయు నియమించెను. తలకొక ఓమెరు. ఎక్కువ కూర్చుకొనినవానికి మిగులలేదు, తక్కువ కూర్చుకొనినవానికి కొదువ లేదు. ఉదయమువరకు దాచినది పురుగుపట్టెను. ఆహారమిచ్చువాడు దేవుడే, చాలుననుట నేర్పువాడును ఆయనే.

మన పెద్దలు కరవు నెరిగినవారు. అందుచేత కడుపునిండ పెట్టుటయే ప్రేమయని మనకు అలవడినది. అది మంచి గుణమే. అయితే నేడు చక్కెర వ్యాధి, రక్తపు పోటు మన పల్లెలకును వచ్చియున్నవి. ప్రేమవిందులో చక్కెర వ్యాధిగల పెద్దయ్యకు “ఇంకొక్క గరిటె” అని పాయసము కొసరి వడ్డించుచున్నాము. ఆయన మొగమాటముతో తినును. తరువాత బాధపడువాడు ఆయనే. ఇంటిలో తల్లి, మిగిలిన అన్నము పారవేయ మనసొప్పక, ఆకలి లేకున్నను తినుచున్నది. ఇది ప్రేమయగునా?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో, దినమునకు 2000 కేలరీల ఆహారమునకు ధాన్యము 250 గ్రాములు, ఆకుకూరలతో కూడ కూరగాయలు 400 గ్రాములు. మన పళ్లెములో ఇది తలక్రిందులు: నడుమ అన్నపు గుట్ట, అంచున కూర. గుట్ట తగ్గించి పప్పు, తోటకూర, సొరకాయ పెంచుదము. కొన్ని పూటలు తెల్లబియ్యమునకు మారుగా జొన్న, రాగి, కొఱ్ఱలు వండుకొందము. టీలో చక్కెర, ఊరగాయలో ఉప్పు తగ్గించుదము. చక్కెర వ్యాధికి మందు వాడువారు మాత్రము వైద్యుని అడుగక ఉపవాసముండరాదు.

దానియేలును అతని స్నేహితులును పది దినములు శాకధాన్యములు తిని నీళ్లు త్రాగిరి. సన్నబడుటకు కాదు, తమ్మును దేవునికి పవిత్రముగా కాపాడుకొనుటకే. మన దేహమును పరిశుద్ధాత్మకు ఆలయమే (1 కొరింథీ 6:19). కావున అద్దము కొరకు గాక ఆయన కొరకు మితముగా తిందము. సన్నని దేహము నీతి కాదు. లావుగానున్న సహోదరుని ఎగతాళి చేయుట పాపము.

పౌలు ఈ మన్నా సంగతినే ఎత్తి, ఒకరి సమృద్ధి మరియొకరి అక్కరకు సహాయమగుటనుగూర్చి బోధించెను (2 కొరింథీ 8:13–15). ఈ నెల ప్రతి ఇంటను ఎసరు పెట్టునప్పుడు మనము తగ్గించుకొనిన పిడికెడు బియ్యము వేరుగా ఉంచుదము. నెలాఖరు ఆదివారమున వాటిని సంఘములోని విధవరాండ్రకు, మంచమునపడిన వారికి చేర్చుదము. విందులో ఎవరైన “చాలు” అనినయెడల ఆ మాటను గౌరవించి గరిటె నిలుపుదము.

అనుదినాహారమిచ్చు తండ్రీ, మా ఆకలికి అన్నమును, మా ఆశకు హద్దును దయచేయుము. ఆమేన్.