దిగివచ్చి చూచు దేవుడు

మన చెరువులను ఇప్పుడు ఆకాశమునుండి చూచుచున్నారు. 1988 మార్చి 17న మన దేశము ఐ.ఆర్.ఎస్. 1ఎ అను ఉపగ్రహమును పైకి పంపినది. అది మొదలు ఇట్టివి అనేకములు వెళ్లినవి. అవి పంపు చిత్రములను షాద్‌నగర్‌లో అందుకొని, హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌వారు పరిశీలింతురు. మన కంటికి కనబడని ఒక విధమైన కిరణములను నీరు మ్రింగివేయును, పచ్చని పైరు తిరిగి పైకి కొట్టును. కాబట్టి ఆ చిత్రములో చెరువు నల్లగాను, పైరు ఎఱ్ఱగాను అచ్చుపడును. ఒక యేటి కార్తిక మాసపు చిత్రమును మరియొక యేటి కార్తికముతో ప్రక్కప్రక్కన పెట్టినయెడల నీటి అంచు ఎక్కడ వెనుకకు పోయెనో దాచుటకు వీలులేదు.

2024 సెప్టెంబరు 1న మహబూబాబాదు జిల్లాలో వరద వచ్చి, కేసముద్రము, ఇంటికన్నె స్టేషనుల నడుమ రైలుపట్టాల క్రింది కట్టను కోసికొనిపోయినది మీరెరుగుదురు. అట్టి దినములలో మబ్బు అడ్డుపడుటవలన మామూలు కెమేరా కేమియు కనబడదు. 2025 జూలై 30న శ్రీహరికోటనుండి పంపిన నిసార్ అను ఉపగ్రహము రాడారుతో మబ్బుల గుండను, చీకటిలోను చూడగలదు.

ఇట్టి కన్ను పైనున్నదని తెలిసి కొందరికి భయము పుట్టినది. 2024లో హైదరాబాదునందు చెరువుల ఆక్రమణలను తొలగించుటకు హైడ్రా అను సంస్థ యేర్పడినప్పుడు, పాత చిత్రములు సాక్ష్యముగా నిలిచినవి. మన పల్లెలలో కూడ శిఖము భూమిని కలుపుకొన్నవారు ఇప్పుడు వెనుకముందు చూచుకొనుచున్నారు. మంచిదే. అయితే కుక్క మొరుగుటవలన గోడ దూకక వెనుదిరిగిన దొంగను నీతిమంతుడని పిలుతుమా? చెరువు మిగిలినది గాని మనుష్యుడు మారలేదు. చెరువు మిగులుట చిన్న సంగతి యని నేననను. దాహముగొన్న పశువునకు మన మనస్సాక్షితో పనిలేదు.

అయినను ఆ కన్ను అంతయు చూచుచున్నదా? గుర్రపుడెక్క కప్పిన చెరువు పైనుండి పైరువలెనే ఎఱ్ఱగా కనబడును. అందుకే శాస్త్రజ్ఞులు చిత్రమును మాత్రమే నమ్మక, కొన్ని చోట్లకైనను నేలమీదికి వచ్చి సరిచూచుకొందురు. ఇది వారి వృత్తిలో తప్పనిసరియైన పని. అన్నిటిని ఎరిగిన దేవుడు సహితము బాబెలు గోపురమును చూడ దిగివచ్చెననియు, సొదొమ మొఱ్ఱ నిజమో కాదో చూచుటకు దిగి వెళ్లుదుననెననియు ఆదికాండము చెప్పుచున్నది. ఆయనకు పైనుండి తెలియక కాదు. తీర్పు తీర్చుటకు ముందు దగ్గరకు వచ్చుట ఆయన పద్ధతి. అరణ్యములో నీటిబుగ్గయొద్ద కూర్చున్న హాగరు, దేవుడు తన్ను చూచుచున్నాడని యెరిగినప్పుడు జడియలేదు, బ్రదికినది. చివరకు ఆ దేవుడే బేత్లెహేములో శిశువై దిగివచ్చెను.

ఇప్పుడు మన చెరువుగట్టు సంగతి. వేసవిలో నీరు వెనుకకు తీయగా ఒక విధవరాలు శిఖములో కూరగాయలు వేసికొని, తొలకరికి లేచిపోవును. మరియొకడు రాత్రివేళ టిప్పర్లతో మొరము పోయించి, మెరక చేసి, ప్లాట్లుగా అమ్మును. ఒక్క వేసవి చిత్రములో ఇద్దరిదియు నీరులేని నేలయే. ఆక్రమణలు తీయుమని పైనుండి ఆజ్ఞ వచ్చినప్పుడు మొదట ఎవరి పాదులు పెరుకబడునో మన పల్లెవారికి వేరే చెప్పనక్కరలేదు.

బయ్యారము చెరువు కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ కట్టించినది. భూపాలపల్లి ప్రక్కనున్న గణపురము చెరువుకు ఆ రాజు పేరే యున్నది. ఏడువందల యేండ్లకు పైగా అవి నిలిచినది రాజుల కీర్తివలన కాదు. కట్టమీద నడచి, తూము చూచి, మత్తడి చూచి, చివరి మడివరకు నీరు పారించిన నీరటికాండ్రవలన. వారు పైనుండి చూచినవారు కారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనులలో ఎన్నో చెరువుల పూడిక తీసిరి. పూడిక తీయుట యంత్రముచేత అగును. నీరు ఎవరికి అందలేదో కనుగొనుటకు మాత్రము కాళ్లతో పోవలెను.

సంఘపెద్దలారా, ఇది మనకు సులభమైన మాట కాదు. మొరము పోయించినవాడు మన ఆలయపు స్లాబునకు సిమెంటు ఇచ్చినవాడే అయినయెడల ఏమి చేయుదుము? నాబోతు ద్రాక్షతోటను గూర్చి ప్రసంగించి, ఆరాధన ముగిసిన తరువాత అతనితోనే టీ త్రాగుదుము. ఉపగ్రహము చూపిన దానిని తహసీల్దారు చూచుకొనునని తప్పించుకొందుము. జనగామ ప్రాంతములో అనేక చెరువులకు ఇప్పుడు దేవాదుల కాలువలలో గోదావరి నీరు వచ్చుచున్నది. చెరువు లోపల ఇరుకైనచో అది త్వరగా నిండి మత్తడి దూకును. చూచువారికి అది నిండు చెరువే, కొబ్బరికాయ కొట్టి సంతోషించుదురు. కాని నిలిచిన నీరు తక్కువ గనుక మాఘమాసము నాటికే ఆయకట్టు చివర ఎండును. ఆ చివరి మడిగలవాడు కూడ మన సంఘస్థుడే కావచ్చును. అతడు వేయు కానుక చిన్నది. వెనుక వరుసలో కూర్చుండును.